ర్యాంకుకు ఊరు తెలియదు

“మా పాప ఇంటర్లో ఆరొందలకి 570 తెచ్చుకునింది సార్. పక్కింటి పిల్లోనికి 480. తీరా చూస్తే కౌన్సెలింగులో వాడే ముందుండాడు. ఇదేం లెక్క?”

ధర్మవరంలో ఒక నేతన్న మగ్గం ఆపకుండానే అడిగాడు. ముందుగదంతా మగ్గమే. చదువుకునే పిల్లకు మిగిలింది వంటింటి గోడవార ఇంత చోటు. నోటితో చెబితే అర్థమయ్యే లెక్క కాదని కాగితం అడిగాను. జరీ కొన్న బిల్లు వెనక్కి తిప్పి ఇచ్చాడు.

మన ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. దాని ఇంజినీరింగు పేపర్లో 160 బిట్లు. లెక్కలవి 80, ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40. సమయం మూడు గంటలు. తప్పు పెట్టినా మార్కు కోత ఉండదు. ఆ 160ని 75కు కుదిస్తారు. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులను 25కు కుదిస్తారు. రెండూ కలిపి ర్యాంకు కడతారు. పాపకు సెట్‌లో 70 వచ్చాయి, అబ్బాయికి 80. పాపది ఇంటర్ వాటా 23.75, సెట్ వాటా 32.81, మొత్తం 56.56. అబ్బాయిది 20, 37.5 కలిపి 57.5. ఒక్క మార్కు కూడా తేడా లేదు. కానీ ఆ అంకెల దగ్గర పిల్లలు ఒత్తుగా ఉంటారు. ఒక్క మార్కు జారితే ర్యాంకు ఎక్కడికో పోతుంది.

ఇంకోలా చెప్పాలంటే సెట్‌లో ఒక్క బిట్టు ఇంటర్లో పదకొండుంపావు మార్కులకు సమానం. పాప ఇంటర్లో ఎక్కువ తెచ్చుకున్న 90 మార్కుల విలువ సరిగ్గా ఎనిమిది బిట్లు.

ఆయన బిల్లు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. “రెండేండ్ల కష్టం ఎనిమిది బిట్లేనా సార్?” అన్నాడు.

అవుననీ అనలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. ఆ తర్వాత ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మధ్య తిరిగిన రోజులన్నీ ఆ మాట నన్ను వదల్లేదు.

నాలుగు రాష్ట్రాలు, నాలుగు తూకాలు

హిందూపురం దాటి కాస్త దూరం పోతే కర్ణాటక. మన పిల్లలు పొద్దున్నే బెంగళూరు రైలెక్కుతారు. అటువైపు ఇంజినీరింగు సీఈటీలో పీయూసీ మార్కులకు సగం విలువ, ప్రవేశ పరీక్షకు సగం. ధర్మవరం పాపనూ పక్కింటి అబ్బాయినీ ఆ తూకంలో పెట్టి చూశాను. పేపర్లు వేరు, సిలబస్ వేరు, కాబట్టి ఇది లెక్క కోసం వేసిన లెక్క మాత్రమే. పాపకు 69 దాటింది, అబ్బాయి 65 దగ్గర ఆగాడు. తమిళనాడు 2006లో చట్టం తెచ్చి ఇంజినీరింగుకు ప్రవేశ పరీక్షనే ఎత్తేసింది. ప్లస్ టూ మార్కులే అక్కడ ఆధారం. ఆ లెక్కన పాప ఇంకా ముందుంటుంది. తెలంగాణ 2023లో ఇంటర్ వెయిటేజీని శాశ్వతంగా తీసేసింది. అక్కడైతే అబ్బాయి పది మార్కుల దూరంలో ముందు నడుస్తాడు. మన రాష్ట్రంలో కోవిడ్ వల్ల 2021లో ఇంటర్ పరీక్షలు రద్దయ్యాక వెయిటేజీని పక్కన పెట్టారు. 2023లో మళ్లీ తెచ్చారు.

అదే పాప, అవే మార్కులు. పొరుగున ఉన్న రెండు రాష్ట్రాల్లో గెలిచింది, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఓడింది. పిల్ల తెలివిలో మార్పేమీ లేదు, మారింది తూకం రాళ్లే. పరీక్షకు ఎంత విలువ ఇవ్వాలన్నది ప్రకృతి నియమం కాదు. అది సచివాలయంలో కూర్చుని మనుషులు తీసుకునే నిర్ణయం. అది మొదట తెలుసుకోవాలి. ఎందుకంటే మన ఇళ్లలో ర్యాంకును తలరాతలా చూస్తారు. ఫలితాల రోజు సాయంత్రం పిల్ల ముఖం చూసి ‘ఇంతే రాసుంది’ అంటారు. ఆ రాత రాసింది ఒక జీవో.

హిందూపురం ఎమ్మెల్యే కాలంలో

నేటి ఈఏపీసెట్‌కు ముందున్న ఎంసెట్ 1986లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు హిందూపురం ఎమ్మెల్యే. 1985లో మూడు చోట్ల గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు, 1983లో, ఆయన ప్రభుత్వమే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఇంజినీరింగు, మెడిసిన్ సీట్లను ఉమ్మడి ప్రవేశ పరీక్ష ర్యాంకు మీదే ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. సంచి నిండా డబ్బు తెచ్చినవాడి చేతిలోంచి సీటు తీసి మార్కు తెచ్చుకున్నవాడికి ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. పరీక్షను ఈసడించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మగ్గం నేసేవారి పిల్లకూ కాంట్రాక్టరు కొడుక్కూ ఒకే పేపరు రావడం మన సమాజంలో చిన్న విషయమేమీ కాదు.

అయితే ఆ రోజుల్లోనూ ర్యాంకు ఒక్కటే సీటు తేలేదు. 371డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధి అంటే రాయలసీమ జిల్లాలు, నెల్లూరు. అక్కడి సీట్ల కోసం హిందూపురం పిల్లవాడు ప్రధానంగా తన ప్రాంతం వాళ్లతోనే పోటీ పడతాడు. దానిపైన సామాజిక రిజర్వేషన్లున్నాయి. ధర్మవరంలో మగ్గాల మీద బతికే తొగట, పద్మశాలి, దేవాంగ కుటుంబాలు బీసీ-బిలోకి వస్తాయి. దానికి 10 శాతం. అంటే పిల్లవాడు ఎక్కడి నుంచి వచ్చాడో చూడాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. ప్రాంతాన్ని చూశాం, కులాన్ని చూశాం. చదివిన బడిని మాత్రం చూడలేదు.

కొడిగెనహళ్లి, లేపాక్షి

బడిని చూసే పరీక్ష మన పక్కనే ఉంది. హిందూపురం దగ్గర పరిగి మండలంలోని కొడిగెనహళ్లి గురుకులం పేరు వినని ఇల్లు ఈ సీమలో ఉండదు. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం వచ్చింది. 1972లో కోస్తాకు తాడికొండ, సీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. పల్లెల్లో తెలివైన పిల్లలను పరీక్ష పెట్టి ఏరి, తిండీ చదువూ సర్కారే చూసుకునేది. ఇప్పటికీ ఈ వైపు ‘కొడిగెనహళ్లిలో చదివినాడంట’ అంటే ఇంకో పరిచయం అక్కర్లేదు. రాగి సంగటి తిని బడికి నడిచిన పిల్లలు అక్కడ చదువుకుని డాక్టర్లయ్యారు, ఇంజినీర్లయ్యారు, కలెక్టర్లయ్యారు.

లేపాక్షిలో నవోదయ విద్యాలయం ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు వచ్చిన నవోదయ అదే. 1986 జాతీయ విద్యా విధానం నుంచి పుట్టిన బడులివి. ఆరో తరగతిలో చేరడానికి పరీక్ష రాయాలి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సగం మార్కులు బొమ్మలు చూసి ఆలోచించి చెప్పే ప్రశ్నలకే. పేపరు తెలుగులో కూడా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలోని బడిలో చదివితేనే ఆ వాటాకు అర్హత. సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు. ఇల్లు కాదు, కులం ఒక్కటే కాదు, పిల్ల కూర్చున్న బడి ఏ ఊళ్లో ఉందో కూడా చూస్తారు.

ఈ రెండు బడులూ ఈఏపీసెట్ కంటే న్యాయంగా ఎందుకు కనిపిస్తాయో చాలా ఆలోచించాను. నాకు తట్టిన కారణం ఇది. కొడిగెనహళ్లిలో పరీక్ష ముందు వచ్చింది, చదువు తర్వాత వచ్చింది. పదేళ్ల పిల్లలో చురుకు ఉందో లేదో చూసి, ఆ తర్వాత మంచి టీచర్లను, పుస్తకాలను, మూడు పూటలా అన్నాన్ని ఇచ్చారు. ఈఏపీసెట్‌లో అది తిరగబడింది. రెండేళ్లు ఒకరికి అన్నీ ఇస్తాం, ఇంకొకరికి ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టు ఇస్తాం. ఆ తర్వాత ఇద్దరి ముందూ ఒకే పేపరు పెడతాం. పేపరు ఒకటే కాబట్టి న్యాయం జరిగిందని అనుకుంటాం. మొదటి పరీక్ష తలుపు తెరుస్తుంది. రెండోది ఎవరికి ఏం ఇచ్చామో లెక్క చూసి తలుపు మూస్తుంది. ఇప్పుడు నవోదయకూ గురుకులానికీ కోచింగ్ సెంటర్లు పుట్టాయి. ఈఏపీసెట్ జబ్బు అక్కడికీ చేరుతోంది.

బిట్టుకు 67 సెకన్లు

నేను ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగులో కూర్చున్నాను. ఏ ఊరో, ఏ సంస్థో ఇక్కడ అనవసరం. వారం తిరిగేసరికి గోడకు మార్కుల జాబితా అంటించేవాళ్లు. జాబితాలో కిందికి జారినవాణ్ని సెక్షన్ మార్చేవాళ్లు. నా పక్క మంచం కుర్రవాడు ఒక ఆదివారం పెట్టె సర్దుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. సోమవారం అతని మంచం మీదకు ఇంకొకరు వచ్చారు, అతని గురించి ఎవరూ అడగలేదు. ఆ ఏడాది నేను ఫిజిక్సు కొత్తగా నేర్చుకున్నది తక్కువ. 180 నిమిషాల్లో 160 బిట్లంటే ఒక్కోదానికి 67 సెకన్లు. ఏ బిట్టు చూడగానే వదిలేయాలి, ఏ బిట్టును ఆప్షన్ల నుంచి వెనక్కి లాగాలి, ఇదీ నా చదువు. నా ర్యాంకు బాగుపడింది. నా తెలివి పెరిగిందని మాత్రం నేను నమ్మను.

ఇలాంటి హాస్టళ్లలో పిల్లల మీద పడే ఒత్తిడి సర్కారుకు తెలియనిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే, 2001లో, నీరదారెడ్డి కమిటీ కార్పొరేట్ కాలేజీల్లో ఆత్మహత్యల మీద విచారించింది. పాతికేళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఫలితాల మర్నాడు పేపరు తెరవాలంటే భయంగానే ఉంటుంది.

హిందూపురం, ధర్మవరం ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలకు సబ్జెక్టు రాదనుకోవడం తప్పు. వాళ్లలో లెక్క చేసి చూపించగలిగేవాళ్లున్నారు. వాళ్లకు లేనిది ఆ 67 సెకన్ల సాధన. పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. బెంగళూరులోనో విజయవాడలోనో చదివిన పిల్ల పరీక్ష నాటికి అలాంటి తెర ముందు ఎన్నిసార్లు కూర్చుని ఉంటుందో లెక్కలేదు. మా పల్లె పిల్ల మొదటిసారి మౌస్ పట్టుకుని నిజం పేపరే తెరుస్తుంది. ఐఐటీల సంగతి ఇంకో మెట్టు పైన. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ ఉంది, నీట్ 2017 నుంచే ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే. తెలుగు మీడియం పిల్లకు ఆఖరి గడప దగ్గర భాషే అడ్డం నిలబడుతుంది.

అలాగని పరీక్ష తీసేసి ఇంటర్ మార్కులే చాలంటే నేను ఒప్పుకోను. 600లో 60 ప్రాక్టికల్స్‌వి, అవి ఎలా పడతాయో తెలియని తల్లిదండ్రులు లేరు. కాపీలు కొట్టించే సెంటర్ల మాట కొత్తది కాదు. నిజాయతీగా రాసి 540 తెచ్చుకున్న పెనుకొండ పిల్ల, అడ్డదారిలో 580 తెచ్చుకున్నవాడి వెనక నిలబడితే ఆమెను కాపాడేది ప్రవేశ పరీక్షే. ఆ పరీక్షనూ కళ్లు మూసుకుని నమ్మలేం. 2016లో తెలంగాణ ఎంసెట్-2 పేపరు లీకై, పిల్లలు మళ్లీ ఎంసెట్-3 రాయాల్సి వచ్చింది. 2024 నీట్‌లో గ్రేస్ మార్కులిచ్చిన 1,563 మందికి వాటిని రద్దు చేసి, మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వాల్సి వచ్చింది.

పెనుకొండ కోట కింద

పెనుకొండకు ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైంది. 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. విజయనగర రాజుల రెండో రాజధానిలో కొండ కింద డాక్టర్లు తయారవుతారని ఊరు సంబరపడింది. ఎర్రమంచిలో కియా కార్లు 2019 నుంచి బారులు తీరుతున్నాయి. కాలేజీ మాత్రం ఇంకా ఎదురుచూపుల్లోనే ఉంది. అదే వరుసలో మంజూరై 2023లో తెరుచుకున్న ఐదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సీట్లు ఎలా పంచారో చూస్తే పెనుకొండవాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. అఖిల భారత కోటా పోను మిగిలిన సీట్లలో సగమే మామూలు కన్వీనర్ సీట్లు, ఏడాదికి 15 వేలు. 35 శాతం సీట్లకు 12 లక్షలు. 15 శాతం ఎన్‌ఆర్‌ఐ సీట్లు, 20 లక్షలు.

భవనం సర్కారుది, ల్యాబు ఒకటే, శవపరీక్ష బల్ల ఒకటే. మంచి ర్యాంకు తెచ్చుకుని అంచు మీద జారిపోయిన కూలీ బిడ్డ ఇంటికెళ్తుంది. ఆమె కన్నా వెనక ర్యాంకు వచ్చి డబ్బున్నవాడు అదే తరగతిలో కూర్చుంటాడు. 1983 చట్టం ఏ చేతిలోంచి సీటు లాక్కుందో ఆ చేతికే ఇంకో తలుపు నుంచి సీటు అందింది. ర్యాంకు పవిత్రమని పేదవాడికి చెప్పి, ఉన్నవాడి దగ్గర ఆ మాట మరిచిపోవడం కంటే పెద్ద అన్యాయం నాకు కనిపించదు.

ఇడుపులపాయ చెప్పే పాఠం

పరీక్ష లేకుండానే పోటీ సీట్లు ఇస్తున్న చోటు కూడా మన పక్కనే ఉంది. 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ, జనం నోట ట్రిపుల్ ఐటీ. మనకు దగ్గరిది కడప జిల్లా ఇడుపులపాయ. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువులోకి తీసుకుంటారు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు మార్కుల పాయింట్లకు 0.4 కలిపేవారు, ఇప్పుడది 4 శాతం. కోవిడ్‌లో పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు, 2020లో, 2021లో తప్పనిసరై ప్రవేశ పరీక్ష పెట్టి, 2022లో మళ్లీ మార్కులకే వచ్చారు. ఆ నాలుగు శాతం దానం కాదు. టీచరు లేని ఏడాది కూడా చదివి 90 తెచ్చుకున్న పిల్ల, ట్యూషన్ల మధ్య 92 తెచ్చుకున్న పిల్ల కన్నా వెనకబడి లేదని రాతపూర్వకంగా ఒప్పుకోవడం అది.

ప్రపంచమంతా ఇదే మథనంలో ఉంది. డల్లాస్‌లో స్థిరపడిన మనవాళ్లకు టెక్సాస్ చట్టం తెలుసు. 1997 నుంచి ప్రతి హైస్కూల్లో పైన నిలిచిన పదో వంతు పిల్లలకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చోటు ఖాయం, ఏ ఊరి బడైనా సరే. ఆస్టిన్ విశ్వవిద్యాలయానికి మాత్రం తర్వాత ఆ వాటా తగ్గించారు. ఎంఐటీ కోవిడ్‌లో శాట్ ప్రవేశ పరీక్షను పక్కనపెట్టి 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, హార్వర్డ్ అదే దారి పట్టాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆ స్కోరును చూడటమే మానేసింది. శాట్‌ను తిరిగి తెచ్చిన విద్యాసంస్థలు చెప్పిన కారణం మన చెవులకు కొత్తగా వినిపిస్తుంది. స్కోరు అడగకపోతే పెద్ద బడి, పెద్ద సిఫారసు లేని పేద పిల్ల తన తెలివి చూపించుకునే దారి పోతోందట. తన బడిలో వచ్చే స్కోర్లతో పోలిస్తే గొప్పదైన స్కోరును కూడా ఆ పిల్ల తక్కువనుకుని దాచేసుకుంటోందట. అక్కడ స్కోరును బడి పక్కన పెట్టి చదువుతారు. ఇక్కడ స్కోరును ఒంటరిగా చదువుతాం.

నా అభిప్రాయం దాచుకోను. ఈఏపీసెట్ ఉండాలి. ఇంటర్ వెయిటేజీ 25 దగ్గర ఆగకూడదు, ప్రాక్టికల్ మార్కుల్ని లెక్క నుంచి తీసేసి, రాత పరీక్ష మార్కుల విలువ పెంచాలి. తమిళనాడు 2020లో వైద్య సీట్లలో, 2021లో ఇంజినీరింగు సీట్లలో ప్రభుత్వ బడుల పిల్లలకు 7.5 శాతం ప్రత్యేకంగా కేటాయించింది. ట్రిపుల్ ఐటీలో ఒప్పుకున్న సూత్రాన్ని ఈఏపీసెట్‌లో ఒప్పుకోవడానికి మనకేం అడ్డం? మూడు ఊళ్ల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లోనూ జనవరి నుంచి వారానికో మాక్ టెస్టు, కంప్యూటర్ మీద, ఉచితంగా పెట్టాలి. ల్యాబులున్న ఇంజినీరింగు కాలేజీలు ఆదివారం తాళం తీస్తే చాలు. ఇది కోట్ల ఖర్చు కాదు.

ధర్మవరం నేతన్న పాపకు అనుకున్న కాలేజీ రాలేదు. దగ్గర్లో ఇంకోచోట ఈసీఈ సీటు వచ్చింది, చేరింది. ఇంట్లో రెండోవాడు ఐదో తరగతి. వాణ్ని అమ్మమ్మ ఊళ్లో పెట్టి చదివిస్తున్నారు, మూడో తరగతి నుంచీ అక్కడి మండల పరిషత్ బడే. నవోదయ గురించి ఆయన వినలేదు.

జరీ బిల్లు మీద మిగిలిన చోట ఆయనకు రాసిచ్చిందే ఇక్కడా రాస్తున్నాను. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ పొలంలో కూలికి వచ్చేవారి ఇంట్లో ఐదో తరగతి పిల్లలుంటే వాళ్లకు చెప్పండి. లేపాక్షి నవోదయకు ఏటా గరిష్ఠంగా 80 మందిని తీసుకుంటారు. దరఖాస్తుకు రుసుము లేదు. పరీక్ష తెలుగులో రాయొచ్చు. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు.